పాటల్లో ఫ్రెంచ్ – 3వ పాఠం: ముక్కు పలికే అచ్చులు

పోయిన పాఠంలో మాట చివరి హల్లుల్ని మింగేయడం చూశాం. ఈసారి ముక్కు సంగతి. ఇంగ్లిష్ పాప్ పాటలో ఒక్క ఫ్రెంచ్ ముక్క పడగానే, అర్థం తెలియకపోయినా చెవికి హాయిగా ఉంటుంది. అందులో సగం పని ముక్కుదేనని నా అనుమానం.

బీటిల్స్ పాట ‘మిషెల్’ (1965) పెట్టుకోండి. పాట కట్టిన బీటిల్ పాల్ మెకార్ట్నీకి ఫ్రెంచ్ రాదు. కుర్రతనంలో పార్టీల్లో గిటార్ వాయిస్తూ ఫ్రెంచ్‌లా వినిపించేలా ఏదో గొణిగేవాడట. పాట పూర్తి చేసేటప్పుడు మాత్రం స్నేహితుడి భార్యను అడిగాడు. ఆవిడ ఫ్రెంచ్ టీచర్. ‘మిషెల్’కు జోడీగా ‘మా బెల్’ ఇచ్చిందీ, తర్వాతి లైన్‌ను ఫ్రెంచ్‌లోకి మార్చిందీ ఆవిడే.

ఆ లైన్‌లో మనకు కావలసినవి నాలుగు మాటలు: సొఁ, వొఁ, బ్యాఁ, ఆఁసాఁబ్ల్. మొదటి రెండింటిదీ ఒకే అచ్చు. బ్యాఁ అంటే ‘బ్యాంకు’లోని ‘బ్యా’ను, మధ్యలో ‘య’ కూడా వినిపించేలా, ముక్కుతో అనడమే. ఇన్నాళ్లూ పాత పుస్తకాల్లో పడి ఉన్న అరసున్న ఇక్కడ పనికొచ్చింది చూడండి!

నిజానికి ఈ ధ్వని మనకు కొత్త కాదు. ‘పాము’ అని గబగబా అనండి. పెదాలు పూర్తిగా కలవవు, ‘పాఁవు’ అని వస్తుంది. ఆ ‘పాఁ’ దగ్గరే ఆగిపోండి. వచ్చేసింది.

ఇప్పుడు ముక్కు మూసుకుని ‘ఆ’ అనండి, తేడా ఉండదు. ‘ఆఁ’ అనండి, గొంతు మూసుకుపోయినట్టు మారాలి. మారలేదంటే గాలి ముక్కులోకి వెళ్లడం లేదన్నమాట.

మనవాళ్లు చేసే తప్పు ఒకటే. సున్న కనబడితే చాలు, నాలుకను పైకి అంటించి ‘సొన్’ అనేస్తారు. ఫ్రెంచ్‌లో ‘బొఁ’ అంటే మంచివాడు, ‘బొన్’ అంటే మంచిది. నాలుక తగిలిందా, లింగమే మారిపోయింది.

ఆఁసాఁబ్ల్ దగ్గర నాకు వారం పట్టింది. వెనకాల ‘బ’ ఉంది కదా, పెదాలు ముందే మూసుకుపోయి ‘సామ్బ్ల్’ అయ్యేది. ‘ఆఁ-సాఁ’ అని నోరు తెరిచే ఉంచి, ఒక క్షణం ఆగి, అప్పుడు ‘బ్ల్’ అనండి. ఆ ఆగడాన్ని రోజూ కాస్త తగ్గించుకుంటూ రండి.

ఇంటిపని: పాటను 0.75 స్పీడులో పెట్టి, ఈ నాలుగు మాటలే ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. వచ్చే పాఠంలో గొంతులో గరగరలాడే ‘ర’.