కుక్కల దగ్గర జాగ్రత్త - మూడో పాఠం: చెట్టు ఆట

బిగిసిన ఒళ్లు, కదలని చూపు, పైకి లేచిన పెదవి: కోపంలో ఉన్న కుక్కను పోల్చుకోవడం పోయిన పాఠంలో నేర్పాం. అలాంటిది ఎదురైతే పిల్లలు ఏం చేయాలన్నది ఈ పాఠం.

‘పరుగెత్తకు’ అని చెప్పి ఊరుకుంటే చాలదు. భయం వేస్తే పిల్లల కాళ్లు మన మాట వినవు. పరుగెత్తేవాళ్లను తరమడం కుక్క నైజం. అందుకే చెట్టులా కదలకుండా ఆగిపోవడాన్ని ఆటగా ఆడించి ఒంటికి అలవాటు చేయాలి.

ముందు మీరు చేసి చూపండి. కాళ్లు కదపకుండా నిలబడి, చేతులు కిందికి దించి వేళ్లు కలిపి పట్టుకోండి. తల వంచి మీ కాలివేళ్లనే చూస్తూ, మనసులో నెమ్మదిగా అంకెలు లెక్కపెట్టండి. కళ్లలోకి చూస్తే కుక్క దాన్ని బెదిరింపుగా తీసుకోవచ్చు. చేతులు పైకెత్తితే మీదికి ఎగరవచ్చు. చేతిలో బిస్కెట్ ఉంటే కింద పడేయాలి. పిల్లలకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే, కాబట్టి నిజం బిస్కెట్‌తోనే సాధన చేయించండి.

ఇప్పుడు మీరే కుక్క. వంగి పాప చుట్టూ తిరగండి, వాసన చూడండి. నవ్వితే నవ్వనివ్వండి, అరిచి భయపెట్టవద్దు. నిలబడటం వచ్చాక పరుగెత్తించి, మధ్యలో ‘చెట్టు!’ అనండి. పరుగులో ఉండగా ఆగగలిగితేనే పాఠం వచ్చినట్టు. కుక్క దూరంగా వెళ్లాక వీపు చూపకుండా మెల్లగా వెనక్కి జరగాలి.

కింద పడిపోతే? చాప మీద నేర్పండి: మోకాళ్లు ముడిచి బోర్లా ముద్దగా ఒదిగి, చేతులు మెడ వెనక కలిపి, మోచేతులతో చెవులు కప్పుకోవాలి. చిన్నపిల్లల ముఖం కుక్క నోటికి అందే ఎత్తులో ఉంటుంది. తల, మెడ కాపాడుకోవడమే ముఖ్యం.

ఈ ఆట వచ్చింది కదా అని పసివాళ్లను ఒంటరిగా వీధిలోకి పంపకండి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల గుంపు నాలుగేళ్ల బాలుడి ప్రాణం తీసింది. గుంపు మీద పడితే ఆ వయసు పిల్లలను ఏ పాఠమూ కాపాడలేదు. పెద్దవాళ్లు పక్కన ఉండాల్సిందే.

మరో మాట పిల్లలతో పదేపదే అనండి: “కుక్క కరిచినా, గీరినా వెంటనే చెప్పు. నేను తిట్టను.” తిడతారన్న భయంతో గాయం దాచే పిల్లలున్నారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, పసుపు, సున్నం ఏవీ పెట్టకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసే లోపు రేబిస్ వైరస్‌ను అడ్డుకునే ఇంజెక్షన్) కూడా వేయాలి, మరిచిపోకుండా అడగండి. తర్వాతి డోసులు ఒక్కటీ తప్పకూడదు.

ఈ వారం రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు చెట్టు ఆట ఆడించండి. వచ్చే పాఠంలో పెంపుడు కుక్క: అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పిల్లలు ఎంత దూరంలో ఉండాలో చూద్దాం.