లేబుల్ ప్రింటింగ్ నేర్చుకుందాం, 4వ పాఠం: లెన్స్ కింద చుక్కలు, జాబ్ మీద లెక్క

పోయిన పాఠంలో స్టిక్కర్ స్టాక్ లోపల ఏముంటుందో చూశాం కదా, పైన కాగితమో ఫిల్మో, మధ్యలో గమ్, కింద రిలీజ్ పేపర్. ఈసారి పైన పడే రంగు సంగతి: లేబుల్‌ని ఏ మెషీన్ కొట్టిందో లెన్స్‌తో ఎలా గుర్తుపట్టాలో, ఏ జాబ్ (ఆర్డరు) ఏ మెషీన్‌కి పంపితే చవకో చూద్దాం. ఒక పది రెట్ల లెన్స్ కావాలి, ప్రెస్సులో ఎవర్ని అడిగినా ఇస్తారు, అదీ లేకపోతే ఫోన్ కెమెరా మాక్రోలో పెట్టినా కొంత పని నడుస్తుంది. ఇంట్లో ఉన్న ఓ షాంపూ బాటిల్, ఓ పచ్చడి సీసా, ఓ సిరప్ సీసా ముందు పెట్టుకోండి.

బొమ్మ తర్వాత, ముందు చిన్న నల్లక్షరాల అంచు చూడండి. అంచు వెంట ఇంకు గట్టు కట్టినట్టు ముదురుగా ఉండి లోపల కాస్త పల్చబడితే అది ఎత్తు ప్లేటుతో (అక్షరం, బొమ్మ పైకి లేచి ఉన్న ప్లేటు) నొక్కిన పని, గట్టి ప్లేటు వాడే లెటర్‌ప్రెస్ గానీ రబ్బరులాంటి మెత్తటి ప్లేటు వాడే ఫ్లెక్సో గానీ. అంచు కోసినట్టు సాఫీగా ఉండి గట్టు లేకపోతే ఆఫ్‌సెట్ అనుకోవచ్చు, అంటే ప్లేటు మీది ఇంకు ముందు బ్లాంకెట్ అనే రబ్బరు షీటు మీదకి, అక్కణ్ణుంచి కాగితం మీదకి దిగే పద్ధతి. అక్షరం బయట పొడి రాలినట్టు సన్నటి నల్ల రేణువులు కనిపిస్తే పౌడర్ టోనర్ మెషీన్. అక్షరం అంచు కొద్దిగా చెదిరి, లేత రంగు ఉన్నచోట చుక్కలు వరసల్లో కాకుండా ఎటుపడితే అటు ఉంటే ఇంక్‌జెట్, అదీ యూవీ ఇంక్ (యూవీ వెలుతురుతో ఆరేది) అయితే గోటితో మెల్లగా రాస్తే రంగు కాగితం మీద పైకి లేచినట్టు చాలాసార్లు తెలుస్తుంది.

ఇందులో మోసం చేసేది ఇండిగో అనే డిజిటల్ ప్రెస్సు. లిక్విడ్ ఇంకు కాబట్టి చుక్క అంచు ఆఫ్‌సెట్‌లాగే ఉంటుంది, చాలా ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా తడబడతారు. అప్పుడు రిజిస్ట్రేషన్ చూడండి, అంటే రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో. ఆఫ్‌సెట్‌లో గానీ ఫ్లెక్సోలో గానీ ఒక్కో రంగుకి ఒక్కో స్టేషన్, రోల్ ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ పోతుంది, మధ్యలో టెన్షన్ కాస్త మారినా పసుపు పక్కకి జరిగి బొమ్మ అంచున ఒక రంగు తొంగిచూస్తుంది. ఇండిగో రోల్ మెషీన్లలో రంగులన్నీ ముందు బ్లాంకెట్ మీదే ఒకదానిపై ఒకటి చేరి ఒకేసారి ఫిల్మ్ మీదకి దిగే పద్ధతి ఉంది, అందుకే సాగిపోయే పల్చటి ఫిల్మ్ మీద కూడా రంగులు జరగవు.

చరిత్ర రెండు ముక్కల్లో: గమ్ స్టిక్కర్ వ్యాపారం 1935లో లాస్ ఏంజిల్స్‌లో స్టాంటన్ ఏవరీతో మొదలైంది. ప్లేటు లేకుండా కలర్ కొట్టే డిజిటల్ ప్రెస్సులు 1993లో వచ్చాయి, బెన్నీ లాండా ఇండిగో, బెల్జియం వాళ్ళ జైకాన్ రెండూ ఆ ఏడాదే, 2002లో ఇండిగోని హెచ్‌పీ కొనేసింది. ఫ్లెక్సో చచ్చిపోతుందని అప్పట్నుంచీ అంటూనే ఉన్నారు, ఇప్పటికీ పెద్ద జాబులు దానిమీదే నడుస్తున్నాయి, నన్నడిగితే ఇంకా చాలాకాలం నడుస్తాయి కూడా. మారింది మెషీన్ కన్నా ఎక్కువగా జాబ్ ఆకారం. ఒకే లేబుల్ లక్షల్లో అడిగే కస్టమర్ ఇప్పుడు రోల్‌లో అదే మీటర్లని అయిదారు ఫ్లేవర్లకి ముక్కలు చేసి పంపుతున్నాడు.

అందుకే ఈ లెక్క నేర్చుకోవాలి. అంకెలు లెక్క కోసం వేసినవి, మీ ప్రెస్సు రేట్లు మీరు పెట్టుకోండి. ఫ్లెక్సోలో రంగుకొకటి చొప్పున నాలుగు ప్లేట్లు, కలర్ సెట్ అయ్యేదాకా పోయే వేస్టేజీ కలిపి ఒక డిజైన్‌కి ₹12,000, ఆపైన మీటరుకి ₹18. డిజిటల్‌లో సెటప్ లేదనుకోండి, మీటరుకి ₹30. తేడా ₹12, 12,000ని 12తో భాగిస్తే 1,000. అంటే 1,000 మీటర్లు దాటితే ఫ్లెక్సో, లోపల అయితే డిజిటల్.

ఇప్పుడు ఒక పచ్చళ్ళ కంపెనీ 2,000 మీటర్లు అడిగింది. ఒకే డిజైన్ అయితే ఫ్లెక్సోలో ₹48,000, డిజిటల్‌లో ₹60,000, ఆలోచించక్కర్లేదు. అదే ఆవకాయ, గోంగూర, టమాటా, అల్లం, ఉసిరి అని అయిదు వేరే వేరే డిజైన్లయితే సెటప్పే ₹60,000, ఫ్లెక్సో మొత్తం ₹96,000 అయిపోయింది, డిజిటల్ మాత్రం కదలకుండా అదే ₹60,000 దగ్గర ఉంది.

ఇక్కడే పాత ఆపరేటర్ల చిట్కా ఒకటి ఉంది. బొమ్మ, బోర్డరు, లోగో అన్నిటికీ ఒకటే ఉంచి, పచ్చడి పేరూ పదార్థాల పట్టికా మాత్రం ఒట్టి నలుపులో పెట్టమని డిజైనర్‌కి ముందే చెప్పండి. అప్పుడు మిగతా మూడు ప్లేట్లు మెషీన్ మీదే ఉంటాయి, నలుపు ఒక్కటి మారుస్తూ పోవచ్చు. మార్చిన ప్రతిసారీ ₹2,500 అనుకుంటే సెటప్ 12,000 ప్లస్ నాలుగు మార్పులకి 10,000, మొత్తం ₹22,000. ఫ్లెక్సో ₹58,000కి దిగింది, డిజిటల్ కన్నా రెండు వేలు తక్కువ! జాబ్ ఏ మెషీన్‌కి వెళ్ళాలో ఆర్ట్‌వర్క్ టేబుల్ మీదే తేలిపోతుందన్నమాట. కాకపోతే గోంగూరకి ఆకుపచ్చ, టమాటాకి ఎరుపు కావాలని కస్టమర్ పట్టుబడితే ఈ చిట్కా పనిచేయదు, నాలుగు ప్లేట్లూ మార్చాల్సిందే.

మందుల లేబుల్‌ది ఇంకో కథ. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందుల మీద క్యూఆర్ కోడ్ గానీ బార్ కోడ్ గానీ తప్పనిసరి అయ్యింది, అందులో బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉండాలి. బ్యాచ్ మారినప్పుడల్లా కోడ్ మారుతుంది, ప్రతి బ్యాచ్‌కీ ఎవరు ప్లేటు చేయిస్తారు? అందుకే బొమ్మంతా ఫ్లెక్సోలో కొట్టి చివర్లో ఇంక్‌జెట్ హెడ్‌తో కోడ్ వేసే హైబ్రిడ్ లైన్లు వచ్చాయి. హైదరాబాద్ ఫార్మా వైపు పనిచేసేవాళ్ళకి ఇది రోజూ తగిలేదే, 6వ పాఠంలో విడిగా చెప్తా.

ఈ వారం హోంవర్క్: ఇవే రేట్లు, ఎనిమిది ఫ్లేవర్లు, నలుపు మాత్రమే మారుతుంది, మొత్తం 2,400 మీటర్లు. ఏ మెషీన్‌కి పంపుతారు? చూడగానే ఫ్లెక్సో అనిపిస్తుంది, కాగితం మీద వేసి చూశాకే చెప్పండి. వచ్చే పాఠం ట్రాన్స్‌పరెంట్ ఫిల్మ్ మీద తెల్ల ఇంకు.