'కన్సిడర్' అర్థం దొరకాలంటే దాని తర్వాత మాట చూడాలె

హన్మకొండలో ఇంటర్ చదివే మా అక్క బిడ్డ, ఇంగ్లీష్ పాసేజీలో 'కన్సిడర్' కనబడితే చాలు 'ఆలోచించు' అని రాసేది. సగం వాక్యాలకు అది అతకదు. నిన్న ఇద్దరం కూర్చుంటే ఒక దారి దొరికింది.

తర్వాత ఒక్క మాటే ఉంటే (అప్లికేషన్, ఖర్చు) పరిశీలించడం, లెక్కలోకి తీసుకోవడం. 'ఇంగ్' మాట ఉంటే ఇంకా తేలని ఆలోచన: 'ఐ యామ్ కన్సిడరింగ్ మూవింగ్ టు కరీంనగర్' అంటే కరీంనగర్‌కు మారుదామా అని చూస్తున్న. మాకు బాగా పనికొచ్చింది మూడోది. 'ఐ కన్సిడర్ హర్ మై సిస్టర్'లో చివరి ముక్కలు విడదీసి చూడండి. 'ఆమె నా చెల్లె' అని వాక్యం నిలబడితే, అక్కడ అర్థం 'అనుకోవడం': ఆమెను చెల్లె లెక్క చూస్తా.

రాసేటప్పుడు మాత్రం 'కన్సిడర్ అబౌట్' వద్దు, 'అబౌట్' తీసేయండి. మార్కులు పోయేది అక్కడనే.

'కన్సిడరబుల్', 'కన్సిడరేట్' దగ్గర ఈ పద్ధతి పనిచేయదు. మొదటిదానికి 'చాలా', రెండోదానికి 'ఎదుటివాళ్ల ఇబ్బంది చూసే మనిషి' అని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.