బయర్ బ్లాక్‌లో టూర్నికెట్ నొప్పిని అదుపు చేయడం ఎలా

కార్పల్ టనెల్ విడుదల (మణికట్టులో నొక్కుకుపోయిన నరాన్ని వదులు చేయడం), మణికట్టు మీది గ్యాంగ్లియన్ (నీటి బుడిపె) తొలగింపు వంటి గంటలోపు ముగిసే ఆపరేషన్లకు 1908లో జర్మన్ సర్జన్ ఆగస్ట్ బయర్ వివరించిన బయర్ బ్లాక్, అంటే రక్తప్రవాహం ఆపిన చేతి సిరలోకి మందు ఎక్కించి ఆ చేతిని మాత్రమే మొద్దుబార్చే ఐవీ రీజనల్ పద్ధతి, ఇప్పటికీ ఎంతో అక్కరకు వస్తుంది. అయితే ఇందులో రోగి ఎక్కువగా బాధపడేది కోత పెట్టిన చోట కాదు, రక్తప్రవాహం ఆపడానికి పై చేతికి బిగించిన టూర్నికెట్ దగ్గర. అందువల్ల నొప్పి గురించిన ఆలోచన కఫ్ (టూర్నికెట్‌లో గాలి నింపే పట్టీ) కట్టక ముందే మొదలు కావాలి.

ముందుగా సికిల్ సెల్ వ్యాధి (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారే వారసత్వ జబ్బు) ఉందేమో అడగాలి, ఎందుకంటే రక్తప్రవాహం ఆపడం వారికి ప్రమాదం కావచ్చు; ఆదిలాబాద్, విశాఖ మన్యం ప్రాంతాల నుంచి వచ్చేవారి విషయంలో ఈ ప్రశ్నను ఎన్నడూ మరవకూడదు. తర్వాత పై చేతికి దూది మెత్తగా చుట్టి రెండు కఫ్‌లున్న టూర్నికెట్ కట్టి, ఒక్కో గొట్టానికి ప్లాస్టర్ అంటించి ‘పై’, ‘కింద’ అని రాసిపెట్టాలి. ఈ చిన్న పని ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ఆపరేషన్ చేసే చేతికే కాక రెండో చేతికి కూడా ఐవీ సూది ఉండాలి, మందు రక్తంలో ఎక్కువై విషమైతే విరుగుడుగా ఇచ్చే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ గదిలోనే ఉండాలి.

చేతిని పైకెత్తి, ఎస్మార్క్ బ్యాండేజి (బిగించి చుట్టే రబ్బరు పట్టీ)తో రక్తాన్ని వెనక్కి నెట్టి, పై కఫ్‌ను సిస్టాలిక్ (పై అంకె) రక్తపోటు కంటే సుమారు 100 mmHg ఎక్కువకు నింపి, మణికట్టు నాడి ఆగిందని వేలితో చూసుకున్నాకే మందు ఎక్కించాలి. ప్రిజర్వేటివ్ లేని 0.5 శాతం లిగ్నోకెయిన్ (ఆ భాగాన్ని మొద్దుబార్చే మత్తుమందు) కిలోకు 3 మిల్లీగ్రాములు సరిపోతుంది. అంటే 60 కిలోల మనిషికి 2 శాతం మందు 9 మిల్లీలీటర్లు తీసుకుని, సెలైన్ కలిపి 36 మిల్లీలీటర్లు చేసి నెమ్మదిగా ఇవ్వాలి. గుండె ఆగిపోయే ప్రమాదం ఉన్నందున అలాంటిదే మరో మందైన బుపివకెయిన్‌ను ఈ పద్ధతిలో సిరలోకి ఇవ్వనే కూడదు.

అరగంట దాటాక రోగి ‘చెయ్యి పీకేస్తోంది డాక్టరు గారూ’ అంటారు. కోత దగ్గర ఏమీ తెలియదు, కానీ నాడి వేగం, రక్తపోటు మెల్లగా పెరుగుతుంటాయి. ఇక్కడ మత్తు పెంచి రోగిని నిద్రపుచ్చడం సరైన వైద్యం కాదు. అప్పటికే మొద్దుబారిన చోట ఉన్న కింది కఫ్‌ను నింపి, అది గాలి నిలుపుకుంటోందని నిర్ధారించుకున్న తర్వాతే పై కఫ్‌ను వదలాలి. ఈ వరుస తారుమారైతే మందంతా ఒక్కసారిగా రక్తంలో కలిసి ఫిట్స్ రావచ్చు. ప్లాస్టర్ మీద రాసుకోవడం అందుకే.

మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు లేనివారికి లిగ్నోకెయిన్‌లో 20 మిల్లీగ్రాముల కీటోరోలాక్ అనే నొప్పి మందు కలిపితే టూర్నికెట్ నొప్పి, ఆపరేషన్ తర్వాతి నొప్పి రెండూ తగ్గుతాయి. కిలోకు 0.5 మైక్రోగ్రాముల డెక్స్‌మెడెటొమిడిన్ (మగతనిచ్చి నొప్పి తగ్గించే మందు) కూడా ఉపయోగపడుతుంది గాని, కఫ్ వదిలాక నాడి నెమ్మదించవచ్చు కనుక మానిటర్ తీయకూడదు.

ఆపరేషన్ ఎంత త్వరగా ముగిసినా మందు ఇచ్చిన 20 నిమిషాలలోపు కఫ్ వదలకూడదు. వదిలిన కొద్ది నిమిషాల్లోనే స్పర్శతో పాటు నొప్పీ తిరిగి వస్తుంది కాబట్టి, పారాసిటమాల్ అంతకు ముందే ఎక్కించి, కుట్లు వేసేటప్పుడే గాయం అంచుల్లో మత్తుమందు ఇవ్వమని సర్జన్‌ను అడగాలి.