వానలో వైపర్ మొరాయిస్తే

జోరువానలో వైపర్ ఆగిపోతే టెన్షన్ పడకుండా ముందు హజార్డ్ లైట్లు వేసి, బండిని రోడ్డు వదిలి పక్కకు ఆపండి. స్విచ్ వేసి చెవిపెట్టి వినండి. మోటార్ తిరుగుతున్న చప్పుడొస్తున్నా ఆర్మ్ (బ్లేడ్‌ను పట్టుకునే కడ్డీ) కదలట్లేదంటే చాలాసార్లు దాని మొదట్లో ఉండే నట్టు వదులై ఉంటుంది. పైనున్న ప్లాస్టిక్ మూత తీస్తే కనిపిస్తుంది. స్విచ్ ఆపేసి స్పానర్‌తో బిగిస్తే సరి. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజ్ చూడండి. మారిస్తే అదే ఆంపియర్‌ది వేయాలి, ఎక్కువది వద్దు.

డ్రైవర్ వైపు రబ్బరు చిరిగి వేలాడుతోందా? పక్క సీటు వైపు బ్లేడ్ ఊడదీసి ఇటు తగిలించండి. కొక్కెం ఉండే రకమైతే చిన్న క్లిప్పు నొక్కి కిందికి లాగితే వచ్చేస్తుంది. పొడవు కాస్త తగ్గినా పర్లేదు, మీ కళ్లెదుట అద్దం తుడిస్తే చాలు. ఖాళీ అయిన ఆర్మ్ కొసకు మాత్రం గుడ్డ మందంగా చుట్టి గట్టిగా కట్టేయండి. లేదంటే ఆ ఇనుము అద్దాన్ని గీరేస్తుంది, ఆ గీత ఇక పోదు.

వైపర్ లేకున్నా నీళ్లు జారిపోతాయని, కోసిన బంగాళాదుంప అద్దానికి రుద్దమని కొందరంటారు. తుంపరకు పనికొస్తుందేమో గానీ, కుండపోతలో దాన్ని నమ్ముకుని నేనైతే బండి తీయను.