అవుట్‌బోర్డ్ స్టార్ట్ కావట్లేదా? టైమింగ్ చైన్ జోలికి వెళ్లే ముందు

పడవ వెనక బిగించే అవుట్‌బోర్డ్ ఇంజిన్ సెల్ఫ్ కొడితే తిరుగుతోంది కానీ అంటుకోవట్లేదంటే చాలామంది అనుమానం నేరుగా టైమింగ్ చైన్ (వాల్వులు తెరిచే క్యామ్‌ను తిప్పే గొలుసు) మీదికి పోతుంది. తొందరపడకండి. ముందు కిల్ స్విచ్ (ఇంజిన్‌ను వెంటనే ఆపేసే స్విచ్) తాడు క్లిప్పు సరిగ్గా పెట్టి ఉందో లేదో చూడండి. నవ్వకండి, నేను దీనికే ఒక పూట పోగొట్టుకున్నాను. తర్వాత ట్యాంక్ మూత మీది గాలి స్క్రూ వదులు చేసి, ప్రైమర్ బల్బ్ (ఇంధనం పైపులో ఉండే రబ్బరు బుడ్డి) గట్టిపడేదాకా పిసకండి. ఎంతసేపు పిసికినా మెత్తగానే ఉంటే పైపులో ఎక్కడో గాలి లాగుతుండొచ్చు. బ్యాటరీ, ప్లగ్గులు సరేసరి.

ఇవన్నీ బాగుంటే కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) చూడండి. ఒక్క సిలిండర్‌లోనే తక్కువైతే వాల్వో, రింగో, గాస్కెట్టో. అన్నింట్లోనూ ఒకేలా పడిపోతే చైన్ పన్ను దాటి ఉండొచ్చు. అప్పుడు ప్లగ్గులు తీసేసి, ఫ్లైవీల్‌ను (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) ఇంజిన్ మామూలుగా తిరిగే వైపే చేత్తో తిప్పుతూ ఫ్లైవీల్, క్యామ్‌ల టైమింగ్ గుర్తులు కలపండి. చాలామంది పొరబడేది ఇక్కడే: ఫోర్ స్ట్రోక్‌లో ఫ్లైవీల్ 2 చుట్లు తిరిగితే క్యామ్ 1 చుట్టే తిరుగుతుంది. ఫ్లైవీల్ గుర్తు సరిపోయి క్యామ్ గుర్తు అటువైపు ఉంటే, ఇంకో చుట్టు తిప్పాకే చైన్ సంగతి తేల్చండి.

తిప్పేటప్పుడు గట్టిగా ఏదైనా అడ్డు తగిలితే ఆపేయండి. వాల్వు పిస్టన్‌కు తగులుతుండొచ్చు. ఇక సెల్ఫ్ ముట్టుకోవద్దు, మెకానిక్‌ను పిలవండి.