గొర్రెల ఉన్ని కత్తిరించే కరెంటు యంత్రం: బిగింపు, నూనె, భద్రత

నెల్లూరు జాతి గొర్రెలకు ఉన్ని ఉండదు కనుక ఈ యంత్రం అవసరం ప్రధానంగా దక్కనీ గొర్రెల పెంపకందారులకే ఉంటుంది.

బ్లేడ్లు అమర్చే ముందు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గును సాకెట్టు నుంచి పూర్తిగా తీసివేయాలి. కింది దువ్వెన బ్లేడు కదలదు. పై బ్లేడు అటూ ఇటూ ఆడుతూ కత్తిరిస్తుంది. పై బ్లేడు మొనలు దువ్వెన మొనలకన్నా కాస్త వెనక ఉండాలి, లేకుంటే చర్మం తెగుతుంది.

అసలు మెలకువంతా బిగింపులోనే ఉంది. బిగింపు నాబ్‌ను చేతికి అడ్డు తగిలేవరకు తిప్పి, ఆపై తయారీదారు సూచించినంత మేరకే, సాధారణంగా పావు చుట్టు, బిగించాలి. వదులైతే ఉన్ని బ్లేడ్ల మధ్య ఇరుక్కుంటుంది. మరీ బిగిస్తే బ్లేడ్లు వేడెక్కి పదును కోల్పోవడమే కాక, మోటారుపై భారం పడుతుంది. పని మధ్యలో కోత మందగిస్తే కొద్దిగా బిగించి చూడవచ్చు. అప్పటికీ తెగకపోతే సాన పెట్టించాలి, ఇంకా బిగించడం వృథా.

ఐదు పది నిమిషాలకోసారి బ్లేడ్లపై పలుచని యంత్ర నూనె వేయాలి. చేతికి అందింది కదా అని వంటనూనె వేయకూడదు, అది జిగురు కడుతుంది.

230 వోల్టుల యంత్రాన్ని 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపే స్విచ్) ఉన్న లైనుకే తగిలించి, పొడి నేలపై, తడిలేని ఉన్నిపై మాత్రమే వాడాలి; తీగ గొర్రె కాళ్లకింద పడకూడదు.

పని ముగిశాక మోటారుకు గాలి వెళ్లే జాలీని, బ్లేడ్లను బ్రష్‌తో శుభ్రపరచి, నూనె రాసి, బిగింపు వదులు చేసి దాచాలి. చీము గడ్డల వ్యాధి కత్తిరింపు గాయాల ద్వారా వ్యాపిస్తుంది కనుక, మంద మారినప్పుడల్లా బ్లేడ్లను క్రిమిసంహారక ద్రావణంతో శుద్ధి చేయాలి.